ముసలి చెట్టే దాని ఊరు

హెర్మిట్ బీటిల్ అనే పెంకుపురుగు పుట్టేది, పెరిగేది, చాలాసార్లు చచ్చేది కూడా ఒకే చెట్టు తొర్రలో. శాస్త్రీయ నామం ఓస్మోడెర్మా ఎరెమిటా. మూడు సెంటీమీటర్లకు అటూ ఇటూ పొడవు, బొద్దుగా ఉండే ఒళ్లు, నలుపు కలిసిన ముదురు గోధుమరంగు మీద సన్నని కంచు మెరుపు. తల వెనక పలక మీద నిలువునా ఒక గాడి ఉంటుంది. ఆ గాడి లోతుగా ఉండి, ఇరువైపులా గట్లు లేచి ఉంటే మగది. పైపైన ఉంటే ఆడది. ఉత్తర స్పెయిన్ నుంచి ఫ్రాన్స్, ఇటలీ, జర్మనీల మీదుగా దక్షిణ స్వీడన్ దాకా దీని ఉనికి ఉంది. పటం మీద చూస్తే పెద్ద రాజ్యమే. దగ్గరికి వెళ్లి చూస్తే ఒకచోట పాత జమీందారీ తోట, ఒకచోట ఊరి పార్కు, మరోచోట రోడ్డు పక్కన మిగిలిన నాలుగు ముసలి చెట్లు. మధ్యలో అంతా ఖాళీ.

ప్రకృతి శాస్త్రవేత్త జొవాన్నీ ఆంటోనియో స్కోపోలీ 1763లో, నేటి స్లొవేనియాలో ఉన్న కార్నియోలా ప్రాంతపు కీటకాల మీద వేసిన పుస్తకంలో దీన్ని మొదటిసారి వర్ణించాడు. ఆ తర్వాత చాలాకాలం యూరప్ అంతటా ఉన్నది ఒకే జాతి అన్నట్టుగా లెక్కవేశారు. 2000 తర్వాత జరిగిన జన్యు పరిశీలనలతో ఆ లెక్క మారింది. పశ్చిమ యూరప్‌లో ఉన్నది ఎరెమిటా, తూర్పున ఉన్నది బార్నబిటా అనే వేరే జాతి. దక్షిణ ఇటలీ, సిసిలీ, గ్రీస్‌లలో ఉన్నవి ఇంకా వేరు. ఒకటే అనుకున్నది ఇలా విడిపోయేసరికి ఒక్కో జాతి చేతిలో ఉన్న నేల కూడా ఆ మేరకు తరిగింది. ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘం ఎర్రజాబితాలో ఎరెమిటా ‘ముప్పుకు చేరువలో’ ఉన్న జాతి కాగా, దక్షిణ ఇటలీ, సిసిలీల జాతులు ‘అంతరించే ప్రమాదంలో’ ఉన్నవాటి వరుసకు ఎక్కాయి.

తెలుగు రైతుకు ఈ పురుగు తెలియకపోయినా దీని కుటుంబం బాగానే తెలుసు. పేడ ఉండలు దొర్లించే పురుగు, కొబ్బరి మొవ్వును తొలిచే కొమ్ము పురుగు, వేరుశనగ మొక్కను కింది నుంచి చంపే వేరు పురుగు, అన్నీ ఈ వంశంలోవే. హెర్మిట్ బీటిల్ లార్వాను అనంతపురం రైతు చేతిలో పెడితే వేరు పురుగే అనుకుంటాడు. అదే తెల్లటి ఒళ్లు, అదే గోధుమరంగు తల, అదే వంకర. కాకపోతే ఆరు సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. అసలు తేడా తిండిలో ఉంది. వేరు పురుగు బతికున్న వేళ్లను కొరుకుతుంది. దీనికి బతికున్న చెక్కతో పనే లేదు. అప్పటికే చచ్చి, చివికి, పొడిగా రాలిన చెక్క మాత్రమే దీని ఆహారం. ‘చెట్టును తొలిచేస్తోంది’ అని దీని మీద నింద వేస్తే అది అన్యాయం.

చేవ చివికాకే

చెట్టు నడిమధ్యన ఉండే చేవలో ప్రాణం ఉండదు. నీటిని, ఆహారాన్ని మోసే పొరలన్నీ బెరడును ఆనుకుని బయటివైపే ఉంటాయి. అందుకే చేవంతా కుళ్లిపోయి బోలుగా మారినా ఓక్ చెట్టు ఏటా చిగురిస్తూ, కాయలు కాస్తూ వందల ఏళ్లు నిలబడగలదు. కొమ్మ విరిగినచోటు నుంచో, పిడుగు చీల్చినచోటు నుంచో శిలీంధ్రం లోపలికి దిగుతుంది. గంధకపు రంగు పలకలుగా మాను మీద పొడుచుకొచ్చే శిలీంధ్రం ఈ పనిలో ఆరితేరింది. అది చెక్కను మెత్తబరుస్తుంది, పురుగులు పిప్పి చేస్తాయి, పక్షుల గూళ్లు, ఆకులు, రెట్టలు అందులో కలుస్తాయి. కొన్ని దశాబ్దాలకు తొర్ర అడుగున తేమగా, ముదురు గోధుమరంగులో ఒక పొడి పేరుకుంటుంది. పెద్ద మానుల్లో అది వందల లీటర్లు ఉంటుంది. హెర్మిట్ బీటిల్‌కు కావలసింది ఇదే.

ఇది ఎంత నిదానంగా జరుగుతుందో స్వీడన్ పరిశోధకులు లెక్కగట్టారు. 100 ఏళ్లలోపు ఓక్ చెట్లలో తొర్ర ఉన్నవి నూటికి ఒకటి. 200 నుంచి 300 ఏళ్ల మధ్య వయసుకు వచ్చేసరికి సగం చెట్లకు తొర్ర పడుతుంది. 400 దాటినవాటికి దాదాపు అన్నిటికీ ఉంటుంది. ఈ పురుగు కథలో మిగతా అంకెలన్నీ ఈ అంకెల తర్వాతే. యూరప్‌లో చెట్లకు కరువు లేదు. ఖండంలో అడవి విస్తీర్ణం కొన్ని దశాబ్దాలుగా పెరుగుతోంది కూడా. కరువు వచ్చింది ముసలి చెట్లకు. కలప కోసం పెంచే ఓక్‌ను తొర్ర పడే వయసుకు చాలా ముందే నరుకుతారు. తొర్ర పడిన కలపకు మార్కెట్లో విలువ లేదు మరి.

ఓక్ మీదే దీనికి మోజు ఎక్కువైనా పట్టుదల లేదు. లిండెన్, బీచ్, యాష్, చెస్ట్‌నట్, పండ్లతోటల చెట్లు, దేనిలోనైనా తొర్ర పెద్దదై, పొడి నిండుగా ఉండి, మానుకు ఎండ తగిలితే చాలు. ఇటలీలో ఏటేటా కొమ్మలు నరికి మొండి చేసిన విల్లో, మల్బరీ చెట్లలోనూ ఉంటుంది. పట్టుపురుగుల మేతకని పెంచిన మల్బరీల్లో తొర్రలు తొందరగా పడతాయి.

మూడేళ్లు చీకట్లో, నెల రోజులు వెలుగులో

ఆడపురుగు 20 నుంచి 80 గుడ్ల వరకు ఆ పొడిలోనే పెడుతుంది. లార్వా దశ మూడు నాలుగేళ్లు సాగుతుంది. చివికిన చెక్కలో నత్రజని దాదాపు ఉండదు కాబట్టి పేగుల్లో ఉండే బ్యాక్టీరియా ఆ లోటు తీరుస్తుంది. లార్వా తింటూ, విసర్జిస్తూ తొర్ర గోడను లోపలి నుంచి పెద్దది చేస్తూ పోతుంది. ఏడెనిమిది మిల్లీమీటర్ల పొడవున, మొద్దుగా, నల్లగా ఉండే దాని లద్దెలు తొర్ర వాకిట్లోంచి చెట్టు మొదట్లోకి రాలుతుంటాయి. ఈ పురుగును వెతికేవాళ్లు ముందు చూసేది అక్కడే. ఈ లార్వాలున్న తొర్రల్లో చివుకు చెక్క మీద బతికే ఇతర పెంకుపురుగుల రకాలు కూడా ఎక్కువగా ఉంటాయని స్వీడన్ పరిశీలనలు తేల్చాయి. అంటే ఇది ఉన్నచోట ఇంకా ఎన్నో ఉన్నట్టు. కంటికి ఆనని వాటిని పట్టుకోవడం కంటే ఇంత పెద్ద పురుగును పట్టుకోవడం తేలిక గనుక, పరిశోధకులు దీన్నే గుర్తుగా వాడుకుంటారు.

ఎదిగిన లార్వా చివరి శరత్తులో లద్దెలు, చెక్కపొడి కలిపి గట్టి గూడు కట్టుకుని చలికాలం అందులో గడుపుతుంది. వసంతంలో ప్యూపా అయి, జులై, ఆగస్టుల్లో పెంకుపురుగుగా బయటపడుతుంది. స్వీడన్‌లో దీని వయోజన జీవితం నెల రోజులకు అటూ ఇటూ.

ఆ నెలలో మగపురుగు చేసే పని ఒక్కటే: తొర్ర అంచున కదలకుండా కూర్చుని వాసన విడవడం. పండిన పీచ్ పండు వాసన. వేడి మధ్యాహ్నాల్లో కొన్ని మీటర్ల దూరం నుంచి మనిషి ముక్కుకూ తెలుస్తుంది. ఈ వాసన గామా డెకాలాక్టోన్ అనే పదార్థానిదని 2003లో స్వీడన్ శాస్త్రవేత్తలు ప్రకటించారు. పీచ్ రుచి కోసం ఆహార పరిశ్రమ వాడేది కూడా దీన్నే. ఆడపురుగు ఆ వాసన పట్టుకుని వస్తుంది. వచ్చేది ఆడపురుగు మాత్రమే అయితే బాగుండేది. ఎలేటర్ ఫెరుజీనియస్ అనే తుప్పురంగు పురుగు కూడా అదే వాసనకు ఎగిరి వచ్చి అదే తొర్రలో గుడ్లు పెడుతుంది. దాని పిల్లలు హెర్మిట్ బీటిల్ లార్వాలను తిని పెరుగుతాయి. వేటాడే ఈ పురుగు కూడా అరుదైనదే. దాని ప్రాణం ముసలి చెట్టు మీదా, చెట్టులోని ఎర మీదా రెండు విధాలుగా ఆధారపడింది.

ఈ పురుగుకు రెక్కలున్నాయి, ఎగరగలదు కూడా. చాలావరకు ఎగరదు, అంతే. స్వీడన్‌లోని ఓస్టర్‌గోట్లాండ్‌లో థామస్ రేనియస్, యోనాస్ హెడిన్ వంటి పరిశోధకులు పురుగుల మీద గుర్తులు పెట్టి వదిలి మళ్లీ పట్టుకున్నారు, వీపుకు చిన్న రేడియో ట్రాన్స్‌మిటర్లు అతికించి వెంటపడ్డారు. పుట్టిన చెట్టును వదిలి వెళ్లేవి నూటికి 15 మాత్రమేనని తేలింది. వెళ్లినవి కూడా అక్కడ 200 మీటర్లు దాటలేదు. తర్వాత ఫ్రాన్స్, ఇటలీలలో ఇంతకంటే దూరం వెళ్లినవి దొరికాయి. వెచ్చటి దేశాల్లో కాస్త ఎక్కువ ఎగురుతాయేమో. ఎంత ఎగిరినా కిలోమీటరు, కిలోమీటరున్నర. ఒక్కో చెట్టు నుంచి ఏడాదికి బయటపడే పెంకుపురుగులు సగటున 11. దాన్ని బట్టి ఒక్కో తొర్ర ఒక్కో చిన్న ఊరు, పదుల సంఖ్యలో జనాభా. ఏదో ఒక ఏడు ఒక ఊరు ఖాళీ అవుతుంది, పక్క ఊరి నుంచి ఎవరో వచ్చి మళ్లీ నింపాలి. పక్క ఊరు 200 మీటర్లలో ఉంటే సరే. రెండు కిలోమీటర్ల అవతల ఉంటే ఆ ఖాళీ నిండదు.

చెట్టు కళ్ల ముందే పచ్చగా ఉన్నా అందులోని పురుగు కథ ముగిసిపోయి ఉండొచ్చన్నమాట. పదిహేను తొర్రలున్న తోటలో పది కొట్టేస్తే మిగిలిన అయిదింటిలో పురుగులు ఆ ఏడే పోవు. ఒక్కొక్కటిగా, ఒకదానికొకటి సంబంధం లేని కారణాలతో, ముప్పై నలభై ఏళ్లలో పోతాయి. చూసేవాళ్లకు ఆ నరుకుడుకూ దీనికీ ఉన్న లంకె కనిపించదు.

రాజుగారి ఓక్‌లు

ఈ పురుగుకు స్వీడన్‌లో గట్టి స్థావరం మిగలడానికి కారణం ప్రకృతి ప్రేమ కాదు, యుద్ధనౌకలు. 1558లో రాజు గుస్తావ్ వాసా దేశంలోని ఓక్ చెట్లన్నీ రాచసొత్తు అని ప్రకటించాడు. నౌకాదళానికి కలప కావాలి. ఒక్క పెద్ద నౌకకే వెయ్యి దాకా చెట్లు పట్టేవి. రైతు పొలంలో మొలిచినా చెట్టు రాజుదే. నరికితే శిక్ష. ఆ చెట్టు నీడ పంటను కుంటుపరుస్తున్నా రైతు చూస్తూ ఊరుకోవాలి. దాంతో ఓక్ అంటే పల్లెల్లో ఏహ్యం పుట్టింది, మొలక కనిపిస్తే పీకి పారేసేవాళ్లు. అయినా పెద్ద చెట్లు నిలిచాయి. 1830లో రైతులకు తమ భూమిలోని ఓక్‌ల మీద హక్కు వచ్చింది. దాదాపు మూడు శతాబ్దాల కసి తీర్చుకున్నట్టుగా నరుకుడు సాగింది. దొరల ఎస్టేట్లు ఉన్నచోట మాత్రం చెట్లు తప్పించుకున్నాయి. నేటికీ లిన్‌షోపింగ్ చుట్టుపక్కల ఎస్టేట్ల పచ్చికబీళ్లలో ఉన్న ముసలి ఓక్‌ల గుంపు ఉత్తర యూరప్‌లోనే పెద్దవాటిలో ఒకటి. హెర్మిట్ బీటిల్ గురించి తెలిసిన విషయాల్లో సగం అక్కడి నుంచి వచ్చినవే.

అదే కాలపు మరో ముచ్చట. చెట్లు తరిగిపోతున్నాయని కంగారుపడ్డ నౌకాదళం కోసం 1830లలో వెట్టర్న్ సరస్సులోని వీసింగ్‌సో దీవిలో సుమారు 3 లక్షల ఓక్ మొక్కలు నాటించారు. 1975లో అటవీ శాఖ నుంచి నౌకాదళానికి కబురు వెళ్లింది: మీరు చెప్పిన కలప సిద్ధంగా ఉంది. అప్పటికి నౌకలు ఉక్కువి. నౌకకు పనికొచ్చే వయసు ఆ చెట్లకు వచ్చింది గానీ, ఈ పురుగుకు పనికొచ్చే వయసు అప్పటికీ రాలేదు. పైగా నౌకలకని ఒత్తుగా, నిటారుగా పెంచిన చెట్లవి. ఎండ తగిలే లావు మాను, విరిగిన కొమ్మ, దిగబడ్డ తొర్ర, ఇవి పచ్చికబీడులో విడివిడిగా పెరిగిన చెట్టుకే ఎక్కువగా దక్కుతాయి.

నరుకుడు, శుభ్రత, నీడ

ముప్పుల్లో మొదటిది మామూలు నరుకుడే. వంటచెరుకుకు, రోడ్డు వెడల్పుకు, పొలం చదునుకు. పశ్చిమ ఫ్రాన్స్‌లో పొలాల గట్ల మీద కంచెలుగా ఉన్న మొండి చెట్లను ట్రాక్టర్లకు అడ్డమని తీసేశారు. పోలండ్‌లో రోడ్లకు ఇరువైపులా ఉన్న పాత లిండెన్, ఓక్ సాలుల్లో ఎరెమిటా, దాని తూర్పు బంధువు బార్నబిటా బతుకుతున్నాయి. వాహనాలు గుద్దుకుంటున్నాయని ఆ సాలులు పల్చబడుతున్నాయి. మిగిలిపోయిన సాలే ఈ పురుగుకు ఒక తోట నుంచి మరో తోటకు దారి.

రెండోది శుభ్రత. పార్కుల్లో, చర్చి ఆవరణల్లో తొర్ర చెట్టు పడిపోతుందేమోనన్న భయం సహజమే. కొమ్మ విరిగి ఎవరి తల మీదైనా పడితే బాధ్యత మునిసిపాలిటీది. ఈ భయం ఎంత న్యాయమైనదైనా, దానికి వెతికిన విరుగుడులు చాలాసార్లు మోటువి. ఒకప్పుడు తొర్రలోని పొడి అంతా తోడేసి సిమెంటు కాంక్రీటు పోసి పూడ్చేవాళ్లు. చెట్టుకు వైద్యం చేశామనుకున్నారు. కాంక్రీటు చెట్టుకు మేలు చేయలేదు, తొర్రలోని సంసారాన్ని మాత్రం సమాధి చేసింది. ఇప్పుడు ఆ పద్ధతి పోయింది. పైభారం తగ్గించి మానును అలాగే ఉంచడం నిపుణులు చెప్పే మార్గం.

మూడోది ఎవరూ ఏమీ చేయకపోవడం వల్ల వచ్చేది. పశువుల మేత ఆగిపోయిన బీడులో పదిహేనేళ్లకే పొదలు, కుర్ర చెట్లు లేచి ముసలి ఓక్‌ను కమ్మేస్తాయి. మాను మీద ఎండ పడదు, తొర్ర చల్లబడుతుంది, లార్వా ఎదుగుదల మందగిస్తుంది. కింది కొమ్మలు చచ్చి, వెలుగు కోసం పోటీపడలేక ముసలి చెట్టే ముందు చనిపోతుంది. కంచె వేసి వదిలేస్తే అడవి బాగుపడుతుందనే నమ్మకం ఈ పురుగు విషయంలో తిరగబడుతుంది. దీనికి ఆవులు కావాలి, కొమ్మలు నరికే మనిషి కావాలి.

వీటన్నిటికీ వెనక మరో లోటు ఉంది. చాలా తోటల్లో 300 ఏళ్ల చెట్లున్నాయి, 30 ఏళ్ల మొక్కలున్నాయి, మధ్య తరం లేదు. ఈ ముసలి చెట్లు కూలేనాటికి వాటి స్థానంలోకి రావలసిన 150 ఏళ్ల చెట్లను పూర్వం ఎవరూ మిగల్చలేదు. చివుకు చెక్క మీద బతికే పెంకుపురుగుల్లో పరిశీలించినంత మేర దాదాపు 18 శాతం యూరప్‌లో అంతరించే ముప్పులో ఉన్నాయని ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘం 2018లో ప్రకటించింది. ముసలి చెట్లు తగ్గిపోవడమే దానికి ప్రధాన కారణంగా చూపింది.

కోర్టు మెట్లెక్కిన పురుగు

1992 నాటి యూరోపియన్ యూనియన్ ఆవాసాల ఆదేశం హెర్మిట్ బీటిల్‌ను ప్రాధాన్య జాతిగా గుర్తించింది. పురుగును చంపడమే కాదు, అది ఉంటున్న చెట్టును పాడుచేయడమూ నేరమే. ఆ కాగితానికి ఎంత బలముందో ఫ్రాన్స్‌లో మొదట తెలిసింది. లె మాన్స్ నగరానికి దక్షిణంగా ఏ28 మోటార్‌వే వేస్తుండగా 1990లలో దారిలోని పాత చెట్లలో ఈ పురుగు బయటపడింది. పనులు ఏళ్ల తరబడి ఆగాయి. సర్వేలు, తగాదాలు, పరిహార చర్యలు ముగిసి 2005 డిసెంబరులో రోడ్డు తెరుచుకునేసరికి, అంతకుముందు కీటక శాస్త్రవేత్తలకే తెలిసిన ఈ పురుగు ఫ్రాన్స్ పత్రికలకు పరిచయమైపోయింది.

అంతకంటే పెద్ద గొడవ జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో జరిగింది. ‘స్టుట్‌గార్ట్ 21’ పేరుతో రైల్వేస్టేషన్‌ను భూగర్భంలోకి మార్చే పథకానికి రాజోద్యానంలోని పాత చెట్లు అడ్డొచ్చాయి. 2010 సెప్టెంబరు 30న నిరసనకారుల మీద పోలీసులు నీటి ఫిరంగులు ప్రయోగించారు, ఎందరో గాయపడ్డారు. ఆ రాత్రే కొన్ని చెట్లు నేలకూలాయి. ఆ తోటల్లోని ముసలి చెట్లలో హెర్మిట్ బీటిల్ ఉండటం ఉద్యమానికి చట్టపరమైన ఆయుధమైంది. 2011 డిసెంబరులో మాన్‌హైమ్‌లోని రాష్ట్ర ఉన్నత పాలనా న్యాయస్థానం, ఈ పురుగు విషయంలో పర్యావరణ సంఘానికి తన వాదన చెప్పుకునే అవకాశం ఇవ్వలేదంటూ భూగర్భజల పనులకు సంబంధించిన ఒక అనుమతిని తప్పుబట్టింది. అయితే స్టేషన్ ఆగలేదు. 2012 ఫిబ్రవరిలో పార్కులో మిగిలిన చెట్లలో చాలావాటిని తీసేశారు, కొన్నిటిని వేరేచోటికి మార్చి నాటారు. పురుగును అడ్డం పెట్టుకుని స్టేషన్‌ను ఆపజూశారని ఒకవైపు, స్టేషన్ కోసం చట్టాన్ని పక్కకు నెట్టారని మరోవైపు నిందించుకున్నారు. ఈ రెండు నిందల్లోనూ కొంత నిజముంది.

పెట్టెలు, గాయాలు, ఒక కుక్క

రక్షణ పనిలో మొదటి మెట్టు ఉనికి కనుక్కోవడం. ఎత్తయిన తొర్రలోకి ఎక్కి, పొడి తవ్వి లార్వా కోసం వెతికితే ఆ వెతుకులాటే వాటికి హాని. పీచ్ వాసన రసాయనం తేలిగ్గా దొరుకుతుంది కాబట్టి దాన్ని ఎరగా పెట్టిన ఉచ్చులు వాడుతున్నారు. చిక్కినవాటిని లెక్కపెట్టి వదిలేస్తారు. ఇటలీలో కీటకాల పర్యవేక్షణకు యూరోపియన్ యూనియన్ నిధులతో సాగిన ఒక ప్రాజెక్టు టెసేవో అనే గోల్డెన్ రిట్రీవర్ కుక్కకు శిక్షణ ఇచ్చింది. అది చెట్టు మొదట్లో వాసన చూసి, పైన తొర్రలో లార్వాలుంటే కూర్చుని గుర్తు చూపుతుంది. తొర్రను కదపనక్కర్లేదు, నిచ్చెన వేయనక్కర్లేదు.

ముసలి ఓక్‌ల చుట్టూ పొదలు కొట్టి ఎండ రప్పించడం, పశువులను మళ్లీ మేపడం రెండో పని. తప్పనిసరిగా నరకాల్సి వస్తే మానును ముక్కలు చేయకుండా, తొర్ర పైకి ఉండేలా దగ్గరలోని తోటలో నిలబెట్టి కడతారు. లోపలున్న లార్వాలు ఎదిగి బయటికి వచ్చే వీలుంటుంది.

మధ్య తరం లోటు మాత్రం ఇలా తీరదు. దానికి రెండు ప్రయోగాలు నడుస్తున్నాయి. మొదటిది పెట్టెలు. ఓస్టర్‌గోట్లాండ్‌లో నిక్లాస్ యాన్సన్ బృందం ఓక్ పలకలతో పెద్ద పెట్టెలు చేసి, ఓక్ రంపపుపొట్టు, ఆకులు, ఎండుగడ్డి నింపి చెట్లకు బిగించింది. పక్షిగూడు ఉన్న తొర్రలా మారాలని కొన్నింటిలో చచ్చిన కోడినీ, కోడిరెట్టనూ వేసింది. తొర్రలే నమ్ముకున్న అనేక రకాల పురుగులు కొన్నేళ్లలో ఆ పెట్టెల్లో చేరాయి. పోలండ్‌లో ఇలాంటి పెట్టెల్లోనే బార్నబిటా లార్వాలను పెంచి చూశారు. తాత్కాలిక నివాసంగా పనికొస్తాయని తేలింది.

రెండోది మరీ విచిత్రం: కుర్ర ఓక్‌లకు కావాలని గాయాలు చేయడం. స్వీడన్, నార్వే, ఇంగ్లండ్‌లలో 2010ల ఆరంభంలో మొదలైన ఈ పనిలో వందలాది చెట్లకు రంపంతో గూళ్లు తొలిచారు, కొమ్మలు చీల్చారు, గుర్రం కొరికినట్టు మొదట్లో బెరడు ఒలిచారు. రెండు వందల ఏళ్లకు జరగాల్సిన కుళ్లును కొన్ని దశాబ్దాలు ముందుకు జరపాలన్నది ఆలోచన. గాయం పడిన చెట్లలో అత్యధికం బతికే ఉన్నాయి. అయితే హెర్మిట్ బీటిల్‌కు సరిపడేంత పొడి వాటిలో పేరుకోవడానికి ఇంకా దశాబ్దాలు పడుతుంది. అంతవరకు ఉన్న ముసలి చెట్లను కాపాడుకుంటూ, వాటికి ఒకటి రెండు వందల మీటర్ల లోపల పెట్టెలు బిగించి, పొడి తగ్గినప్పుడల్లా నింపుతూ ఉండటమే దారి.